చుక్క ఒకటే, సూర్యుళ్ళు ఇద్దరు: స్పర్శ జంట తారలపై పాఠకుల ప్రశ్నలు

గత సంచికలో ఆల్గాల్ వంటి గ్రహణ తారల గురించి రాస్తూ, ఒకదానికొకటి అంటుకుని ఒకే పైపొరను పంచుకునే నక్షత్రాలు కూడా ఉన్నాయని ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు వెళ్ళాం. ఉత్తరాలు ఎక్కువగా ఆ వాక్యం మీదే వచ్చాయి. ఖగోళశాస్త్రంలో కాంటాక్ట్ బైనరీ అని పిలిచే ఈ తారలకే ఈసారి శీర్షిక మొత్తం కేటాయిస్తున్నాం. ఒకేలాంటి ప్రశ్నలను కలిపి ఒకే జవాబు ఇచ్చాం.

ప్రశ్న: పెళ్ళిలో చూపించే అరుంధతీ వసిష్ఠులు కూడా జంట నక్షత్రాలే అంటారు కదా. స్పర్శ జంట తారలు కూడా అలాగే పక్కపక్కన కనిపిస్తాయా?
— ఇంటర్మీడియట్ విద్యార్థిని, నంద్యాల

కనిపించవు. వసిష్ఠుడికీ అరుంధతికీ మధ్య ఆకాశంలో ఉన్న ఎడం సుమారు 12 ఆర్క్ నిమిషాలు, అంటే పున్నమి చంద్రుడి వెడల్పులో మూడో వంతు కంటే కొంచెం ఎక్కువ. చూపు బాగున్నవారికి ఆ ఎడం కంటితోనే తెలుస్తుంది. చిన్న టెలిస్కోపులోంచి చూస్తే వసిష్ఠుడు తానే రెండు చుక్కలుగా విడిపోతాడు. ఆ రెండింటిలో ఎక్కువ వెలిగే చుక్క కూడా ఒంటరిది కాదని 1889లో అమెరికా ఖగోళశాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ పికరింగ్ గుర్తించాడు. ఆయన చూసింది రెండు చుక్కలను కాదు. ఆ తార వర్ణపటంలోని, అంటే వెలుగును రంగులుగా విడదీస్తే వచ్చే పట్టీలోని గీతలు రెండుగా చీలి, కొన్నాళ్ళకు మళ్ళీ ఒకటిగా కలవడాన్ని చూసి, ఒకదాని చుట్టూ ఒకటి తిరిగే రెండు తారలు అక్కడ ఉన్నాయని తేల్చాడు. వాటి ఒక ప్రదక్షిణకు 20.5 రోజులు పడుతుంది. పెళ్ళిపందిరి నుంచి చూసే ఆ ఒక్కచోటనే కంటికి విడిపోయే జంట, టెలిస్కోపుకు విడిపోయే జంట, వర్ణపటంలో మాత్రమే తెలిసే జంట మూడూ ఉన్నాయన్నమాట.

స్పర్శ జంట తారలు ఈ మూడో రకం కంటే కూడా దగ్గరగా ఉంటాయి. వీటిలో పేరుమోసినది సప్తర్షి మండలం ఉన్న ఉర్సా మేజర్ రాశిలోనే ఉన్న డబ్ల్యూ ఉర్సే మేజోరిస్. ఆ రాశి పాశ్చాత్యులకు పెద్ద ఎలుగుబంటి. ఈ తార మనకు దాదాపు 170 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. అందులోని రెండు నక్షత్రాల కేంద్రాల మధ్య దూరం సుమారు 17 లక్షల కిలోమీటర్లు, అంటే భూమికీ చంద్రుడికీ మధ్య ఉన్న దూరానికి నాలుగున్నర రెట్ల లోపే. అంత దూరం నుంచి ఆ ఎడాన్ని విడదీసి చూడటమంటే, హైదరాబాద్‌లో నిలబడి ఢిల్లీలో ఉన్న ఆవగింజ వెడల్పును గుర్తుపట్టడమంత పని. కాబట్టి ఎంత మంచి టెలిస్కోపుతో చూసినా మీకు కనిపించేది ఒక్క చుక్కే.

ప్రశ్న: ఒక్క చుక్కను చూసి, అందులో రెండు నక్షత్రాలు ఉన్నాయనీ, పైగా అవి అంటుకున్నాయనీ ఎలా చెబుతున్నారు? ఇది ఊహ కాదా?
— విశ్రాంత భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు, సిద్దిపేట

ఊహ కాదు, అనుమానం. తర్కశాస్త్రం చెప్పే అర్థంలో అనుమానం, అంటే పొగను చూసి నిప్పును తెలుసుకోవడం. ఇక్కడ పొగ ఏమిటో వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఈ తారల గురించి మనకు తెలిసినదంతా దాని నుంచి తీసినదే.

ముందు ఆల్గాల్‌ను గుర్తు చేసుకోండి. అది రెండు రోజుల ఇరవై గంటల నలభై తొమ్మిది నిమిషాలకు ఒకసారి, కొన్ని గంటలపాటు మసకబారుతుంది. మిగతా కాలంలో దాని వెలుగు ఇంచుమించు నిలకడగా ఉంటుంది. ఆ వెలుగును కాగితం మీద గీస్తే చదునైన నేల మీద తవ్విన గోతిలా ఉంటుంది. రెండు తారలు విడివిడిగా ఉన్నాయనీ, ఒకటి రెండోదాని ముందుకు వచ్చినప్పుడు మాత్రమే వెలుగు తగ్గుతోందనీ ఆ చదును చెబుతుంది.

డబ్ల్యూ ఉర్సే మేజోరిస్‌కు ఆ చదును లేదు. జర్మనీలోని పోట్స్‌డామ్ వేధశాలలో గుస్తావ్ ముల్లర్, పౌల్ కెంఫ్ ఈ తారను 1903లో ప్రపంచానికి పరిచయం చేశారు. దాని వెలుగు క్షణం కూడా స్థిరంగా ఉండదు. మాగ్నిట్యూడ్ కొలతలో 7.75 దగ్గర శిఖరానికి చేరి, వెంటనే దిగడం మొదలుపెట్టి, రెండు గంటల్లో 8.48 దాకా పడిపోతుంది. ఈ కొలతలో అంకె పెరిగితే వెలుగు తగ్గినట్టు, కాబట్టి రెండు గంటల్లో ఆ తార వెలుగు సగమవుతోందన్నమాట. మళ్ళీ రెండు గంటల్లో పైకి ఎక్కుతుంది, మళ్ళీ దిగుతుంది. ఎక్కడా చదును లేని అలలాగా ఆ గీత సాగిపోతుంది.

ఎందుకలా అన్నది తెలియాలంటే ఇంట్లో ఒక వేరుశనగ కాయను చేతిలోకి తీసుకోండి. నడుం దగ్గర సన్నబడి రెండు గింజలున్న కాయ అయితే మంచిది. దాన్ని కళ్ళ ముందు అడ్డంగా పట్టుకుంటే పొడవంతా కనిపిస్తుంది. నిదానంగా తిప్పుతూ మొన మీ వైపు వచ్చేలా చేస్తే, కనబడే వైశాల్యం కొంచెం కొంచెంగా తగ్గి చివరికి ఒక గుండ్రని ముఖం మాత్రమే మిగులుతుంది. కాయ తిరుగుతున్నంతసేపూ కనబడే వైశాల్యం మారుతూనే ఉంటుంది. స్పర్శ జంట వెలుగు నిరంతరం మారడానికి ప్రధాన కారణం ఇదే. ఒకదాని గురుత్వాకర్షణ మరొకదాన్ని సాగదీయడం వల్ల ఈ నక్షత్రాలు గుండ్రంగా లేవు, పైగా వాటి మధ్య మెడ కూడా ఉంది. ఆకారం వల్ల వచ్చే ఈ మార్పుకు గ్రహణం వల్ల వచ్చే తగ్గుదల కూడా తోడవుతుంది.

రెండో ఆధారం గోతుల లోతు. ఆల్గాల్‌లో ఒక గొయ్యి లోతుగా ఉంటుంది, రెండోది దాదాపు కనిపించదు, ఎందుకంటే అక్కడ ఒక తార వేడిది, మరొకటి చల్లనిది. స్పర్శ జంటల్లో రెండు గోతులూ ఇంచుమించు సమానం. గ్రహణం పట్టినప్పుడు ఏ తార ముఖం మరుగుపడినా ఒకే మేర వెలుగు పోతోందంటే, రెండింటి ఉపరితల ఉష్ణోగ్రతలూ దాదాపు ఒకటేనని అర్థం. రెండు గోతులూ ఒకేలా ఉండటంవల్ల మొదటి చూపులో ఆవర్తన కాలం నాలుగు గంటలనిపిస్తుంది. నిజానికి ఒక పూర్తి ప్రదక్షిణకు ఎనిమిది గంటలు పడుతుంది, అందులో రెండు గ్రహణాలు జరుగుతాయి.

మూడో ఆధారం వర్ణపటం. ఒక తార మన వైపు దూసుకొచ్చేటప్పుడు దాని గీతలు నీలం వైపు, దూరం వెళ్ళేటప్పుడు ఎరుపు వైపు జరుగుతాయి. ఆ జరుగుబాటు నుంచి వేగాలను, వేగాల నుంచి ద్రవ్యరాశులను లెక్కగట్టవచ్చు. డబ్ల్యూ ఉర్సే మేజోరిస్‌లో పెద్ద తార సూర్యుడి కంటే కాస్త బరువైనది, చిన్నది అందులో సగం. ఒకదానితో పోల్చితే మరొకటి సెకనుకు 350 కిలోమీటర్లకు పైగా వేగంతో కదులుతోంది.

ద్రవ్యరాశులూ దూరమూ తెలిశాక మిగిలినది జ్యామితి. ఒకదాని చుట్టూ ఒకటి తిరిగే రెండు తారల చుట్టూ, ఏ పదార్థం ఎవరికి చెందుతుందో నిర్ణయించే ఒక హద్దు ఉంటుంది. దాన్ని లెక్కగట్టిన 19వ శతాబ్దపు ఫ్రెంచి గణితవేత్త ఎడ్వార్ రోష్ పేరుతోనే దాన్ని పిలుస్తారు. అడ్డంగా కోసి చూస్తే ఇంగ్లీషు అంకె ఎనిమిదిని పడుకోబెట్టినట్టు ఉంటుంది. రెండు సున్నాలు కలిసే చోటును మొదటి లగ్రాంజ్ బిందువు అంటారు. ఒక తార ఉబ్బి తన సున్నాను నింపితే, పదార్థం ఆ బిందువు గుండా పక్కతారలోకి జారుతుంది. రెండు తారలూ తమ సున్నాలను నింపి పైకి పొర్లితే, ఆ పొర్లిన వాయువు రెండింటినీ కలిపి కప్పే ఒకే పొర అవుతుంది. పొలం గట్టు మునిగిపోయాక రెండు మడుల నీరు ఒకటైపోయినట్టు. ఇలాంటి జంటలకు కాంటాక్ట్ బైనరీ అనే పేరును 1941లో ఖగోళశాస్త్రజ్ఞుడు గెరార్డ్ కైపర్ పెట్టాడు. కొలిచిన వెలుగు గీతకు సరిపోయే ఆకారం ఏదని కంప్యూటర్‌లో వెతికితే, ఈ తారల విషయంలో గట్టు మునిగిన ఆకారమే సరిపోతుంది.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. గ్రహణం సంపూర్ణంగా జరగని జంటల్లో, వెలుగు గీత ఒక్కదాన్నే పట్టుకుని ద్రవ్యరాశుల నిష్పత్తి చెప్పేస్తే నేను నమ్మను. వేర్వేరు ఆకారాలు దాదాపు ఒకే గీతను ఇవ్వగలవు. అలాంటి చోట వర్ణపటం లేని ఫలితాన్ని తాత్కాలికంగానే తీసుకోవాలి.

ప్రశ్న: బరువులో సగం ఉన్న నక్షత్రం చల్లగా, ఎర్రగా ఉండాలి కదా. రెండూ ఒకే వేడితో ఎలా ఉన్నాయి?
— బీఎస్సీ విద్యార్థి, రాజమహేంద్రవరం

ఈ ప్రశ్న ఖగోళశాస్త్రజ్ఞులను పాతికేళ్ళకు పైగా వేధించింది. సూర్యుడి బరువులో సగం ఉన్న నక్షత్రం ఒంటరిగా ఉంటే దాని ఉపరితలం 4,000 డిగ్రీల కెల్విన్ దరిదాపుల్లో ఉండాలి, వెలుగు సూర్యుడి వెలుగులో పదో వంతు కూడా ఉండకూడదు. డబ్ల్యూ ఉర్సే మేజోరిస్‌లోని చిన్న తార మాత్రం దాదాపు సూర్యుడంత వేడిగా ఉంది. పరిమాణంలోనూ చిక్కుంది. ఒంటరి తారల్లో బరువు సగమైతే వ్యాసం కూడా దాదాపు సగమవుతుంది. రోష్ హద్దు నియమం ప్రకారం బరువు సగమైనా వ్యాసం ఏడు పదుల శాతానికి పైగా ఉండాలి. ఒకే తార ఈ రెండు నియమాలనూ పాటించలేదు. కైపర్ ఎత్తిచూపిన ఈ వైరుధ్యం ఇప్పటికీ ఆయన పేరుతోనే ఉంది.

దారి చూపినవాడు ఖగోళశాస్త్రజ్ఞుడు లియాన్ లూసీ. సూర్యుడి వంటి నక్షత్రాల పైపొరల్లో వేడి, పొయ్యి మీద మరిగే నీటిలోలాగా, వాయువు పైకి పొంగి కిందికి దిగడం ద్వారా ప్రయాణిస్తుంది. ఇద్దరు సూర్యులకూ ఆ మరిగే పొర ఒకటే అయినప్పుడు, పెద్ద తార కేంద్రంలో పుట్టిన శక్తి మెడ గుండా చిన్న తార మీదికి కూడా పరుచుకుంటుందని ఆయన 1968లో ప్రతిపాదించాడు. అంటే చిన్న తార మనకు చూపించే వెలుగులో ఎక్కువ భాగం దాని సొంతం కాదు, పక్కతార నుంచి వచ్చినది. ఆ అరువు వెలుగే దాన్ని ఉండవలసిన దానికంటే ఉబ్బుగా, వేడిగా ఉంచుతోంది. ఈ వివరణ మూలసూత్రం నిలబడింది. అంత శక్తి ఆ ఇరుకు మెడ గుండా కచ్చితంగా ఏ ప్రవాహంగా వెళుతోందన్నది ఇంకా చర్చలోనే ఉంది.

ఇంకో విశేషం కూడా చెప్పాలి. కొన్ని జంటల్లో చిన్న తారే పెద్దదానికంటే కొంచెం ఎక్కువ వేడిగా తేలుతుంది. డబ్ల్యూ ఉర్సే మేజోరిస్ కూడా ఆ కోవకు చెందినదే. పెద్ద తార ముఖం మీద సూర్యుడి మచ్చల వంటివి, కాని చాలా పెద్దవి ఉండి దాని సగటు ఉష్ణోగ్రతను తగ్గిస్తున్నాయని ఎక్కువమంది భావిస్తున్నారు. మచ్చలు ఉన్నాయనడానికి వెలుగు గీతే సాక్ష్యమిస్తుంది. పక్కవాటుగా చూసిన రెండు శిఖరాలూ సమానంగా ఉండవలసింది పోయి, ఒకటి కాస్త పొట్టిగా కనబడుతుంది, కొన్ని నెలలకో ఏళ్ళకో ఆ తేడా మారిపోతుంది. దీన్ని ఓకానెల్ ప్రభావం అంటారు.

ప్రశ్న: అరోకాత్ అనే మంచుగోళాన్ని కూడా కాంటాక్ట్ బైనరీ అని చదివాను. అదీ ఇదీ ఒకటేనా?
— పాఠకుడు, డాలస్

పేరు ఒకటే, సంగతి వేరు. 2019 జనవరి 1న నాసా వారి న్యూ హొరైజన్స్ అంతరిక్షనౌక దగ్గరగా చూసిన అరోకాత్, రెండు ఘనపదార్థపు ముద్దలు మెల్లగా వచ్చి ఒకదానికొకటి ఆనుకుని ఏర్పడినది. పొడవు 36 కిలోమీటర్ల లోపే. అక్కడ నిప్పు లేదు, పంచుకునే పొర లేదు, ఆకారం మాత్రమే పోలిక.

ప్రశ్న: ఈ జంటలు చివరికి ఒకటైపోతాయా? 2022లో అలా జరుగుతుందని అప్పట్లో పత్రికల్లో చదివాం. అది ఏమైంది?
— గృహిణి, ఏలూరు. బ్యాంకు ఉద్యోగి, కరీంనగర్

ఒకటైపోతాయి. అలా జరగడాన్ని ఒకసారి దాదాపు కళ్ళారా చూశాం కూడా.

2008 సెప్టెంబరులో వృశ్చిక రాశిలో ఒక కొత్త వెలుగు కనిపించింది. వి1309 స్కార్పియై అని పేరు పెట్టారు. మామూలు నోవాల్లా (హఠాత్తుగా వెలుగు పెరిగే తారల్లా) వేడెక్కి నీలంగా ఉండకుండా, కొద్ది వారాల్లోనే ఎర్రబడి చల్లబడిపోయింది. అదృష్టవశాత్తూ ఆ చోటును ఓగిల్ అనే పోలిష్ పరిశోధన బృందం, వేరే పని కోసం, ఏళ్ళ తరబడి ఫోటోలు తీస్తూ వచ్చింది. రొముయాల్డ్ టిలెండా, ఆయన సహచరులు ఆ పాత ఫోటోలను తిరగేసి 2011లో ఫలితాన్ని ప్రకటించారు. పేలుడుకు ముందు అక్కడ ఉన్నది సుమారు 1.4 రోజుల ఆవర్తన కాలం ఉన్న స్పర్శ జంట. ఆ కాలం ఏడాదికేడాది తగ్గుతూ వచ్చింది, తగ్గే వేగం కూడా పెరుగుతూ వచ్చింది. ప్రదక్షిణకు రెండు శిఖరాలు చూపిన వెలుగు గీత 2007 నాటికి ఒక్క శిఖరానికి మారిపోయింది. ఆ తర్వాత ఏడాదే రెండూ కలిసిపోయి ఆ ఎర్రటి వెలుగు పుట్టింది. రెండు నక్షత్రాలు ఒకటవడానికి ముందూ తర్వాతా ఉన్న స్థితిని కొలతలతో సహా చూడగలగడం ఇంతకుముందు ఎవరికీ దక్కలేదు.

ఈ కలయికకు కారణం కోణీయ ద్రవ్యవేగం, అంటే తిరుగుడులో ఉన్న ఊపు, తరిగిపోవడం. వేగంగా తిరిగే ఈ తారలకు బలమైన అయస్కాంత క్షేత్రాలు ఉంటాయి. వాటి వెంట బయటికి వీచే నక్షత్ర వాయువు కొంచెం కొంచెంగా భ్రమణాన్ని దోచుకుపోతుంది, తారలు దగ్గరవుతాయి. చాలా జంటల చుట్టూ దూరంగా మూడో తార కూడా తిరుగుతూ, అవి మొదట్లో దగ్గరవడానికి సాయపడి ఉంటుంది. ఇలా అంటుకున్నాక చిన్న తార తన పదార్థాన్ని పెద్దదానికి ఇస్తూ ఇంకా చిన్నదవుతుంది. బరువుల తేడా మరీ పెరిగి, రెండు తారల స్వీయభ్రమణంలో ఉన్న కోణీయ ద్రవ్యవేగం, ప్రదక్షిణలో ఉన్నదానిలో మూడో వంతును దాటితే ఇక ఆ కక్ష్య నిలవదు. దీని మూలసూత్రం చార్లెస్ డార్విన్ కుమారుడు జార్జ్ డార్విన్ 1879లో చేసిన గణితంలో ఉంది.

ఇక 2022 సంగతి. హంస మండలంలో కెఐసి 9832227 అనే స్పర్శ జంట ఉంది. దాని ఆవర్తన కాలం సుమారు 11 గంటలు. అమెరికాలోని కాల్విన్ కళాశాలకు చెందిన లారెన్స్ మోల్నార్ బృందం, ఆ కాలం వి1309 స్కార్పియై మాదిరిగానే వేగంగా తగ్గుతున్నట్టు చూసి, 2022 ప్రాంతంలో ఆ రెండూ కలిసిపోయి కంటికి కనిపించేంత వెలుగునిస్తాయని 2017లో ప్రకటించింది. మరుసటి ఏడాది శాన్ డియెగో స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన మరో బృందం పాత కొలతలన్నింటినీ మళ్ళీ సరిచూసింది. 1999 నాటి కొలతలను ప్రచురించిన ఒక పాత వ్యాసంలో గ్రహణ సమయం తప్పుగా అచ్చయిందని తేలింది. ఆ ఒక్క అంకెను సరిదిద్దగానే, కాలం వేగంగా తరిగిపోతోందన్న వాదన పోయింది. మోల్నార్ దాన్ని వెంటనే అంగీకరించాడు. 2022 వచ్చింది, వెళ్ళింది, ఆ తార ఎప్పటిలాగే తిరుగుతోంది.

దీన్ని ఒక వైఫల్యంగా చూసేవారితో నేను ఏకీభవించను. సంవత్సరంతో సహా చెప్పిన జోస్యం కనుకనే దాన్ని పరీక్షించగలిగారు, పరీక్షించారు కనుకనే తప్పు దొరికింది. అయితే ఒక తార భవిష్యత్తు మీద అంత పెద్ద నిర్ణయం, పాతికేళ్ళ కిందటి ఒక రాత్రి గ్రహణం ఎన్ని గంటలకు పట్టిందన్న ఒక్క అంకె మీద ఆధారపడి ఉందని గమనించండి. తర్వాతి జవాబులో గడియారం గురించి అంత పట్టుబట్టడానికి కారణం ఇదే.

చివరగా, పెద్ద నక్షత్రాల్లోనూ స్పర్శ జంటలున్నాయి. మన పొరుగున ఉన్న చిన్న గెలాక్సీ అయిన పెద్ద మెజిల్లాన్ మేఘంలో, దాదాపు 1,60,000 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న విఎఫ్‌టిఎస్ 352లో రెండు తారలూ కలిపి సుమారు 57 సూర్యుల బరువు, ఉష్ణోగ్రత 40,000 డిగ్రీలకు పైనే, ప్రదక్షిణకు ఒక రోజు కంటే కొంచెం ఎక్కువ సమయం. అవి ఒకటవుతాయో, కలవకుండానే కృష్ణబిలాలుగా మారతాయో లెక్కలు రెండు వైపులా ఉన్నాయి.

ప్రశ్న: మా ఊళ్ళో డాబా మీద నుంచి ఇలాంటి తారను గమనించగలనా? గమనిస్తే దానివల్ల ఎవరికైనా ఉపయోగమా?
— ప్రాథమికోన్నత పాఠశాల ఉపాధ్యాయురాలు, వికారాబాద్ జిల్లా, మరికొందరు

గమనించగలరు, ఉపయోగమూ ఉంది. ముందుగా ఒక మాట. గ్రహణ జంటల వెలుగు కొలవడం మన ప్రాంతానికి కొత్త విద్య కాదు. ఉస్మానియా విశ్వవిద్యాలయం హైదరాబాద్‌కు దూరంగా జపాల్-రంగాపూర్‌లో 48 అంగుళాల టెలిస్కోపుతో నెలకొల్పిన వేధశాలలో, 1960ల చివరి నుంచి ప్రధానంగా సాగిన పనుల్లో ఇదొకటి. ఫోటోలు కాకుండా, ఒక్కొక్క తార వెలుగును విద్యుత్తుగా మార్చే గొట్టంతో, రాత్రంతా కూర్చుని కొలిచినవారు అక్కడ ఉన్నారు. ఇవాళ ఆ స్థాయి కచ్చితత్వానికి దగ్గరగా రాగల సామగ్రి ఇళ్ళలోనే ఉంది.

డబ్ల్యూ ఉర్సే మేజోరిస్ కంటికి కనిపించదు. 10×50 బైనాక్యులర్స్‌కు చీకటి ఆకాశంలో అందుతుంది, నాలుగు అంగుళాల టెలిస్కోపులో సులువుగా కనిపిస్తుంది. ఏప్రిల్ మొదటి వారంలో రాత్రి తొమ్మిది గంటలకు ఉత్తర దిక్కున అత్యంత ఎత్తులో, మన అక్షాంశంలో 50 డిగ్రీల పైచిలుకు ఎత్తున ఉంటుంది. సప్తర్షుల చతురస్రంలో అత్రి (మెగ్రెజ్) నుంచి పులహుడికి (మెరాక్) గీత గీసి, అంతే దూరం పడమటికి పొడిగించండి. ఆ గీత చివర దగ్గర, ఓ మోస్తరు వెలుగుతో రెండు తారలు పైనా కిందా ఎనిమిది డిగ్రీల ఎడంతో ఉంటాయి. వాటి పేర్లు అప్సిలాన్, థీటా. మన తార ఆ రెండింటికీ దాదాపు సరిగ్గా మధ్యన ఉంది. అక్కడ ఏ చుక్క అదో తేల్చుకోవడానికి, చర తారలను గమనించేవారి అమెరికన్ సంఘం ఏఏవీఎస్‌ఓ ఉచితంగా ఇచ్చే పటాన్ని ముద్రించుకోండి. 1911లో ఏర్పడిన ఈ సంఘం ఏ దేశంలోని ఔత్సాహికుల కొలతలనైనా స్వీకరిస్తుంది. పటంలో పక్కనున్న స్థిరమైన తారల మాగ్నిట్యూడ్‌లు రాసి ఉంటాయి, వాటితో పోల్చి అంచనా కట్టాలి. పది నిమిషాలకు ఒక అంచనా చొప్పున, మూడు గంటలు కూర్చుంటే చాలు, వెలుగు దిగి మళ్ళీ లేవడం మీ పుస్తకంలోనే కనిపిస్తుంది. ముందు రాసిన అంకెలను చూడకుండా కొత్తది రాయడం ముఖ్యం. చూస్తే మనసు గీతను తనే గీసేస్తుంది.

ఈ తార ఆవర్తన కాలం 8 గంటల 26 సెకన్లు. రోజులో దాదాపు సరిగ్గా మూడో వంతు కనుక, ఇవాళ రాత్రి 9 గంటలకు వెలుగు అట్టడుగుకు చేరితే, రేపు 9 గంటల ఒక నిమిషానికి మళ్ళీ అదే జరుగుతుంది. మధ్యలో రాత్రి ఒంటి గంటకూ, తెల్లవారుజామున ఐదింటికీ కూడా కనిష్ఠాలు వస్తాయి. ఒకసారి సమయం తెలిస్తే వారమంతా అదే వేళకు డాబా ఎక్కవచ్చు. పిల్లలతో చూడటానికి ఇంతకంటే అనుకూలమైన తార నాకు తెలియదు. కంటికే కనిపించే స్పర్శ జంట కావాలంటే ధనూరాశికి దిగువన ఉన్న దక్షిణ కిరీట మండలంలోని ఎప్సిలాన్ తార ఉంది. వర్షాకాలపు మబ్బులు తొలగిన సెప్టెంబరు సాయంత్రాల్లో దక్షిణాన చూడవచ్చు. దాని వెలుగు మార్పు పావు మాగ్నిట్యూడ్ మాత్రమే కనుక, కంటి అంచనాకు అందడం కష్టం.

కెమెరా ఉన్నవారు త్రిపాది మీద పెట్టి, బొమ్మను కావాలనే కొంచెం మసకబరచి, నిమిషానికొక ఫోటో తీసి, ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్లతో పక్కతార వెలుగుతో పోల్చి కొలవవచ్చు. అప్పుడు కనిష్ఠ సమయం ఒకటి రెండు నిమిషాల తేడాలో తెలుస్తుంది. ఈ తారల విషయంలో శాస్త్రానికి పనికొచ్చే కొలత వెలుగు ఎంత అన్నది కాదు, కనిష్ఠం ఎప్పుడు అన్నది. ఎందుకో ఒక లెక్కతో చూడండి. ఎనిమిది గంటల ఆవర్తన కాలం ఏడాదికి సెకనులో నూరో వంతు చొప్పున పెరుగుతోందనుకుందాం. ఏ పరికరమూ ఒక్క ప్రదక్షిణలో దాన్ని పట్టుకోలేదు. కాని పదేళ్ళలో ఆ తార దాదాపు 11,000 ప్రదక్షిణలు చేస్తుంది. ప్రతి ప్రదక్షిణ ఆలస్యమూ ముందువాటికి చేరుతూ పోతుంది కనుక, పదేళ్ళ తర్వాత గ్రహణం మొదట వేసిన లెక్క కంటే తొమ్మిది నిమిషాలు ఆలస్యంగా పడుతుంది. ఇరవై ఏళ్ళకు 36 నిమిషాలు. ఆ ఆలస్యాన్ని కాగితం మీద గీస్తే వచ్చే వంపు నుంచే, ఏ తార నుంచి ఏ తారకు పదార్థం వెళుతోందో, కంటికి కనిపించని మూడో తార ఉందో లేదో చదువుతారు. పెద్ద టెలిస్కోపులు ఒకే తారకు ఇరవై ఏళ్ళ సమయం కేటాయించలేవు. ఆ ఖాళీలను ఇళ్ళ నుంచి గమనించేవారే నింపుతున్నారు.

నా అనుభవం ఒకటి చెబుతాను. మొదటిసారి మూడు రాత్రులు వరుసగా ఈ తారను ఫోటోలు తీసి లెక్కగట్టినప్పుడు, కనిష్ఠం ప్రచురించిన పట్టిక కంటే మూడు రాత్రులూ నాలుగు నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. ఆవర్తన కాలం మారిపోయిందేమోనని చాలాసేపు సంతోషపడ్డాను. తర్వాత కెమెరా గడియారాన్ని ఫోన్‌తో పోల్చి చూస్తే అది సరిగ్గా నాలుగు నిమిషాలు ముందుకు నడుస్తోంది. అప్పటి నుంచి ప్రతి రాత్రీ మొదటి ఫోటోకు ముందూ, చివరి ఫోటో తర్వాతా, సరైన సమయం చూపించే ఫోన్ తెరను అదే కెమెరాతో ఫోటో తీస్తున్నాను.

గడియారం సరిచేసుకున్నాక ఇంకొక సవరణ ఉంది. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతూ ఆ తారకు ఒక కాలంలో దగ్గరగా, ఆరు నెలలకు దూరంగా జరుగుతుంది. అందువల్ల డబ్ల్యూ ఉర్సే మేజోరిస్ వెలుగు మనకు చేరే సమయంలో ఏడాది పొడవునా 12 నిమిషాలకు పైగా ఊగిసలాట ఉంటుంది. అందుకే సమయాన్ని భూమి దగ్గర కాక సూర్యుడి దగ్గర చూసినట్టుగా మార్చి నమోదు చేస్తారు. సాఫ్ట్‌వేర్ ఆ పని చేసిపెడుతుంది, కాని మీ పుస్తకంలో సవరించిన సమయంతోపాటు సవరించని సమయాన్ని, భారత కాలమానంలో, తేదీతో సహా విడిగా రాసి ఉంచండి. అర్ధరాత్రి దాటాక తేదీ మార్చడం మరచిపోవద్దు.